పట్టుపురుగు చుట్టాల కోసం

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో ఉదయం వేలం జోరు మీదుంది. రీలర్లు గూళ్లను నొక్కి చూసి, చెవి దగ్గర ఆడించి ధర కడుతున్నారు. ఒక్కో గూటిలో దాదాపు కిలోమీటరు దారం. రెక్కలొచ్చిన పురుగు బయటపడితే ఆ దారం తెగుతుంది కాబట్టి ముందే వేడికి చంపేస్తారు. దగ్గర్లోని కిరికెరలో పట్టుపురుగు కోసమే రాష్ట్ర పరిశోధన సంస్థ ఉంది. ఈ పురుగు చుట్టాలైన మాత్‌లు (చిమ్మటలు) మన దేశంలోనే పదివేల జాతులకు పైన. వాటిని పట్టించుకునేవాళ్లు పెనుకొండలో ఉన్నారంటే వెళ్లాను.

జులై చివరి వారం. 2012లో అమెరికాలో మొదలైన జాతీయ మాత్ వారాన్ని ఇప్పుడు చాలా దేశాల్లో ఈ రోజుల్లోనే జరుపుతారు. ఇక్కడ హంగేమీ లేదు. కొండ కింద తోటలో ఒక బడిపంతులు, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, రెండు చెట్లకు కట్టిన తెల్ల దుప్పటి, దాని ముందు అతినీలలోహిత దీపం.

చీకటి పడ్డాక దుప్పటి నిండింది. పచ్చటి గన్నేరు హాక్‌మాత్ వాలగానే ముగ్గురూ ఒకేసారి పేరు చెప్పారు. తంటా అంతా బూడిదరంగు, గోధుమరంగు వాటితోనే. బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త హాంప్సన్ 1892–96 మధ్య నాలుగు సంపుటాల్లో మన మాత్‌లను వర్ణించాడు గానీ, అవి రెక్కలు విప్పి సూదికి గుచ్చిన నమూనాలు. బతికున్నది చాలాసార్లు ముందు రెక్కలతో వెనక రెక్కలను కప్పేసుకుని కూర్చుంటుంది. కొన్నింటినైతే జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప తేల్చలేరు.

పక్క చేను రైతు వచ్చి పంతులుకు ఒక గోధుమరంగు పురుగును చూపించాడు. “మా మొక్కజొన్నను తినేది ఇదేనా సార్?”

“మగదైతే రెక్క కొసన తెల్లమచ్చ ఉంటుందన్నా. ఇది ఆడది, చెప్పలేను. స్పొడోప్టెరా ప్రజాతి అని మాత్రం రాస్తా.”

“పేరు చెప్పేదానికి ఇంత కష్టమా!”

“పొద్దున సుడిలో లద్దెపురుగును చూడు. తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు ఉంటే అది కత్తెర పురుగే.”

2018లో కర్ణాటకలో తొలిసారి బయటపడి దేశమంతా పాకిన పురుగు అది. అలాంటిది ఏ ఊరికి ఎప్పుడు చేరిందో చెప్పడానికి తేదీ, చోటు ఉన్న ఫొటో పనికొస్తుంది.

మర్నాడు ధర్మవరంలో ఆ విద్యార్థుల్లో ఒకరి ఇంట్లో కూర్చున్నాం. నాన్న మగ్గం మీద ఉంటే, అబ్బాయి ఫొటోలను జీవజాతులను నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తున్నాడు. జాతి పేరు నిలవాలంటే కనీసం ఇద్దరు చెప్పాలి, చెప్పినవాళ్లలో మూడింట రెండొంతులకు మించి ఒక్కమాట మీదుండాలి. అంతలో రైతు దగ్గర్నుంచి వాట్సాప్‌లో లద్దెపురుగు ఫొటో వచ్చింది. నాలుగు చుక్కలూ స్పష్టంగా ఉన్నాయి. అబ్బాయి దాన్ని కత్తెర పురుగుగా నమోదు చేశాడు. రాత్రి చూసిన ఆడపురుగును మాత్రం స్పొడోప్టెరా దగ్గరే ఉంచాడు.

“చేలో అది ఉన్నంత మాత్రాన దుప్పటి మీద వాలింది కూడా అదే కావాలని లేదు కదా సార్” అన్నాడు.