ఓడిపోయే జట్టు వెంట ఒక ఏడాది



మోకాళ్ళ అరుగుదల గురించి రాయమని చాలామంది అడుగుతున్నారు. దానిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. ఈసారి బాస్కెట్‌బాల్ గురించి, అందులోనూ ఏడాది పొడుగునా ఒక్క ఆట కూడా గెలవని ఒక కళాశాల జట్టు గురించి రాయాలనిపించింది. ఆరోగ్య విషయాలు రాసే చోట ఆటల ముచ్చట ఎందుకని అనుకోకండి. మాట చివరికి రక్తం దగ్గరికే వస్తుంది.

మా మనవరాలు సికింద్రాబాదులో ఒక మహిళా డిగ్రీ కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్నది. జట్టులో ఆమెది పన్నెండో స్థానం. అంటే, ఎక్కువ సేపు బల్ల మీద కూర్చుని తోటివారికి తువ్వాళ్ళూ నీళ్ళ సీసాలూ అందించే స్థానం. గత విద్యాసంవత్సరంలో అంతర కళాశాలల పోటీలు, స్నేహపూర్వక ఆటలు అన్నీ కలిపి ఆ జట్టు పదకొండు ఆటలు ఆడి, పదకొండూ ఓడిపోయింది. నేను తొమ్మిదింటికి వెళ్ళాను. ఒకదానికి కంటి శుక్లం శస్త్రచికిత్స అడ్డు వచ్చింది, మరొకదానికి ఒక పెళ్ళి.

మొదట్లో చూడటానికి నాలుగైదు డజన్ల మంది విద్యార్థినులు వచ్చేవారు. అయిదో ఆట నాటికి మేము ఆరుగురం మిగిలాము. అందులో ఒకరు కళాశాల కావలి మనిషి, ఆయన ఉద్యోగమే అక్కడ. దీనిలో ఆశ్చర్యం లేదు. అమెరికాలో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1976లో ఒక పరిశీలన ప్రచురించాడు. తమ విశ్వవిద్యాలయం జట్టు గెలిచిన తరువాతి సోమవారం విద్యార్థులు విశ్వవిద్యాలయం పేరున్న చొక్కాలు ఎక్కువగా తొడుక్కుంటారట. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం గెలిచాం" అంటారు, ఓటమి గురించి చెప్పేటప్పుడు "వాళ్ళు ఓడిపోయారు" అంటారు. మన జంటనగరాల వారికి ఇది పుస్తకాల్లో చదవవలసిన సంగతి కాదు. 2008లో మొదటి ఐ.పి.ఎల్.లో డెక్కన్ చార్జర్స్ పధ్నాలుగు ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచినప్పుడు "వాళ్ళు" అన్నవారే, మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు గెలవగానే "మనం" అన్నారు. హైదరాబాద్ ఎఫ్.సి. ఫుట్‌బాల్ జట్టుది తలకిందుల కథ. 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. విజేత, 2023-24లో ఇరవై రెండు ఆటలకు ఒకే ఒక్క విజయం. ఆ ఏడాది గచ్చిబౌలి మైదానానికి వెళ్ళి కూర్చున్న కొద్దిమంది మీద నాకు ఎనలేని గౌరవం.

ఇక ఈ ఆటను కనిపెట్టిన మనిషి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆయన మా వృత్తివాడు. జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో పనిచేస్తూ, చలికాలంలో గది లోపల ఆడుకునే ఆట ఒకటి కావాలని పదమూడు నియమాలు రాశాడు. రెండు పీచ్ పండ్ల బుట్టలను పైన మేకులతో కొట్టించాడు. బుట్టకు అడుగు ఉండేది కనుక బంతి పడినప్పుడల్లా నిచ్చెన వేసి తీయవలసి వచ్చేది. మొదటి ఆటలో రెండు వైపులా కలిపి పడింది ఒకే ఒక్క బంతి. ఆ తరువాత ఆయన వైద్యవిద్య చదివి 1898లో పట్టా పుచ్చుకుని, కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడి జట్టుకు తొలి శిక్షకుడు అయ్యాడు. ఆయన కాలంలో ఆ జట్టు 55 ఆటలు గెలిచింది, 60 ఓడింది. తరువాత ఎంతో గొప్ప పేరు తెచ్చుకున్న ఆ విశ్వవిద్యాలయంలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్న శిక్షకుడు ఆటను సృష్టించిన ఆయన ఒక్కడే! అయినా ఇప్పటికీ అక్కడి ఆటస్థలం ఆయన పేరు మీదే ఉన్నది. ఈ కథ మా పిల్లలకు ఆరో ఓటమి తరువాత చెప్పాను. "తాతగారూ, ఆయన 55 అయినా గెలిచాడు కదండీ" అన్నది జట్టు నాయకురాలు. నేను మాట్లాడలేకపోయాను.

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన వాడికి లెక్కలు రాసుకునే అలవాటు పోదు. ఆట పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా సాగుతుంది. నేను ఒక చిన్న నోటుపుస్తకంలో ఒక్కొక్క భాగానికి ఎవరికెన్ని పాయింట్లో విడివిడిగా రాసేవాడిని. నాలుగు ఆటలు అయ్యేసరికి ఒక సంగతి కనబడింది. మొదటి రెండు భాగాల్లో మా పిల్లలు ఎదుటివారికి మూడు నాలుగు పాయింట్లకు మించి వెనుకబడటం లేదు. మూడో భాగంలో తేడా పెరుగుతుంది. చివరి పది నిమిషాల్లో కుప్పకూలిపోతారు. ఆట రానివారైతే మొదటి నుండి ఓడిపోవాలి కదా?

ఫిజికల్ డైరెక్టర్ మేడమ్‌కూ ఇది తెలుసు. ఆమె చెప్పిన కారణం దమ్ము చాలకపోవడం. కనుక మైదానం చుట్టూ ఇంకొక అయిదు చుట్లు పెంచారు. పిల్లలు ఇంకా అలిసిపోయారు. జట్టులో అందరికంటే పొడుగైన అమ్మాయి, బుట్ట కింద నిలబడి ఆడేది, మూడో భాగం వచ్చేసరికి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేది. బల్ల మీది పిల్లలు ఆమెను 'బద్ధకం మహారాణి' అనేవారు. ఆమె కూడా నవ్వేది.

ఒకరోజు ఆట అయ్యాక ఆ అమ్మాయిని పిలిచి కింది కనురెప్ప లాగి చూశాను. సుద్దముక్కలా ఉన్నది. "మెట్లు ఎక్కితే గుండె దడగా ఉంటుందామ్మా?" అని అడిగాను. ఉంటుందన్నది. తరువాత పిల్లలందరినీ కలిపి, "మీలో బియ్యం నమిలే అలవాటు ఎవరికి ఉంది?" అన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని కిసుక్కున నవ్వారు. ముగ్గురు చేతులెత్తారు. ఒకామె, తనకు బియ్యం కాదనీ ఐసు ముక్కలనీ చెప్పింది. పచ్చి బియ్యం, బలపం, మట్టి, ఐసు తినాలనిపించడం చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందనటానికి గుర్తు. ఇళ్ళలో దీనిని అల్లరిగా లెక్కవేసి తిడతారు.

తల్లిదండ్రుల అనుమతి తీసుకుని రక్తపరీక్షలు చేయించాము. స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. పన్నెండు మందిలో ఏడుగురికి తగ్గింది. పొడుగమ్మాయికి 7.8. ఎనిమిదికి లోపు ఉంటే దానిని తీవ్రమైన రక్తహీనత అంటాము. ఊపిరితిత్తులు పీల్చిన ప్రాణవాయువును కండరాల దాకా మోసేది హిమోగ్లోబిన్. మోసే కూలీలు మూడోవంతు తక్కువ ఉన్నప్పుడు గుండె అదనంగా కొట్టుకుని ఆ లోటు పూడుస్తుంది. ఇరవై నిమిషాలు పూడుస్తుంది, ఆపైన దాని వల్ల కాదు. నా నోటుపుస్తకంలోని నాలుగో భాగం అర్థం అదే.

ఈ జట్టు ఏదో దురదృష్టపు జట్టు కాదని మీరు గమనించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం. అంటే ఏ కళాశాల జట్టును నిలబెట్టి పరీక్ష చేసినా రమారమి ఇదే లెక్క వస్తుంది. గెలిచే జట్లలో కూడా.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. పొడుగమ్మాయి తల్లి మా ఇంటికి వచ్చి, "ఆట మాన్పించేస్తాం డాక్టరుగారూ. ఆడపిల్లకు ఈ పరుగులు ఎందుకు? రక్తం అంతా చెమటై పోతోంది" అన్నది. ఆమె భయం నాకు అర్థమైంది. కాని ఆట ఆ రక్తహీనతను తేలేదు, బయటపెట్టింది. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, పొద్దున ఏమీ తినకుండా ఏడింటికి బస్సెక్కడం, మధ్యాహ్నం సమోసాతో సరిపెట్టుకోవడం, ఇవన్నీ అప్పటికే నాలుగేళ్ళుగా జరుగుతున్నవి. పరుగెత్తకుండా ఇంట్లో కూర్చుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తెలియనివారి గతి ఏమవుతుందో నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసిన రోజుల్లో చూశాను. అయిదు గ్రాముల రక్తంతో నొప్పులు మొదలయ్యాక ఎడ్లబండిలో వచ్చిన తల్లులు. కాన్పులో మామూలు స్త్రీ తట్టుకునే రక్తస్రావాన్ని వారు తట్టుకోలేరు. అలా పోయినవారిలో ఒకామె వయస్సు ఇరవై. ఈ మాట ఆ తల్లికి చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మందులు రాయండి" అన్నది.

రక్తహీనత అంతా ఇనుము లోపమే కాదు. బి12 లోపం, థైరాయిడ్, పుట్టుకతో వచ్చే తలసేమియా లక్షణం కూడా ఉండవచ్చు. కనుక మందుల షాపులో అడిగి మాత్రలు కొనకుండా, ఫెరిటిన్ వంటి పరీక్షలు చేయించాలి. ఆ అమ్మాయికి ఇనుము లోపమే. నెలసరి విషయమై స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరకు పంపాను, నులిపురుగుల మాత్ర ఇచ్చాము, ఇనుము మాత్రలు మొదలుపెట్టాము. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. లేకపోతే భయపడి నాలుగో రోజున మానేస్తారు. మాత్రతో పాటు నిమ్మరసమో ఉసిరికాయో తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. చాయ్ దానికి శత్రువు. మా జట్టుకు ప్రతి ఓటమి తరువాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో ఓదార్పు పొందే సంప్రదాయం ఉన్నది. దానిని రద్దు చేసే సాహసం నాకు లేదు. మాత్రకూ చాయ్‌కీ మధ్య కనీసం గంటన్నర ఎడం ఉండాలని మాత్రం ఒప్పందం చేసుకున్నాము. మోండా మార్కెట్ నుండి నువ్వులు, బెల్లం, వేయించిన సెనగలు తెప్పించి ఆటకు ముందు తినిపించడం మేడమ్ బాధ్యత. మాంసం తినే పిల్లలకు వారానికి ఒకసారి మేక కాలేయం తినమన్నాను. మొహాలు చిట్లించారు.

పొడుగమ్మాయిని ఆరు వారాలు ఆడనివ్వలేదు. ఆ ఆరు వారాల్లో జట్టు అంతకు ముందుకంటే ఘోరంగా ఓడింది. ఒక ఆటలో తేడా నలభై ఒకటి. ఆమె బల్ల మీద కూర్చుని ఏడ్చింది. పక్కన మా మనవరాలు తువ్వాలు పట్టుకుని కూర్చున్నది. 'బద్ధకం మహారాణి' అన్న మాట ఆ తరువాత ఎవరి నోటా వినలేదు.

నాతో పాటు చూడటానికి వచ్చే వృద్ధ మిత్రులకు ఇక్కడే ఒక మాట. 2006 ప్రపంచకప్ ఫుట్‌బాల్ సమయంలో మ్యూనిక్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో, జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. స్టెంటు వేయించుకున్నవారు ఆట చూడవచ్చు, కాని మాత్రలు మరచిపోయి రావద్దు, అంపైరు మీద అరవవద్దు. మా జట్టు విషయంలో ఒక సౌకర్యం ఉన్నది, ఉత్కంఠ తక్కువ.

చివరి ఆట జనవరిలో జరిగింది. అప్పటికి ఆమె హిమోగ్లోబిన్ 10.9. సరిపోయినంత కాదు, కాని పద్దెనిమిది నిమిషాలు ఆడనిచ్చాము. తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయాము. నా పుస్తకం ప్రకారం నాలుగో భాగంలో మా పాయింట్లు 14, వారివి 11. ఎదుటి జట్టు అప్పటికే తన ముఖ్యమైన ఆటగత్తెలను బల్ల మీదకు పంపేసిందని మా మనవరాలు చెప్పింది. ఆ సంగతి నేను పుస్తకంలో ఎక్కించలేదు.

ఈ ఏడాది నాయకురాలితో సహా ముగ్గురు చదువు పూర్తి చేసుకుని వెళ్ళిపోతున్నారు. జట్టు కొనసాగుతుందో లేదో కళాశాల ఇంకా తేల్చలేదు. సాయంత్రం అయిదింటికి సాధన మాత్రం ఆగలేదు. హిమోగ్లోబిన్ సరిపడా పెరిగాక కూడా ఇంకొక మూడు నెలలు మాత్రలు వాడితేనే ఒంట్లో ఇనుము నిల్వలు నిండుతాయి. ఆ పొడుగమ్మాయికి జూన్‌లో మళ్ళీ ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. మొన్న దారిలో కనబడి, ఆ సంగతి వాళ్ళ అమ్మే నాకు గుర్తుచేసింది.