బెత్తెడు దూరం

కంటికీ చెవికీ నడుమ బెత్తెడు దూరమే గాని, చూచినదానికీ విన్నదానికీ ఎంతో అంతరమున్నదని పెద్దలంటారు. ఈ సత్యం మాకు గ్రంథపఠనం వల్ల గాక, మా తప్పు వల్ల బోధపడినది.

అది 2018 మే నెల. రంజాన్ మాసం. పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవనీ, కొత్తవారిని నమ్మవద్దనీ వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చినది. పంపినవారు మాకు ఆప్తులు. ఎక్కడ జరిగినది, ఎవరు చూచినారు అన్న ప్రశ్నయే మాకు తోచలేదు. బంధువులందరికీ పంపినాము, అమ్మకు చదివి వినిపించినాము.

ఆ సాయంకాలం ఇఫ్తార్ వేళకు ఒక ఫకీరు వాకిట నిలిచి పిలిచినాడు. ఏనాడూ ఎవరినీ ఉత్తచేతులతో పంపని అమ్మ ఆనాడు తలుపు తీయలేదు. ఆయన కాసేపు నిలిచి, మూసిన తలుపుకే దువా చెప్పి వెళ్లిపోయినాడు.

ఆ నెలలోనే మన జిల్లా బీబీనగర్ మండలంలో ఒక మనిషిని అట్టి అనుమానంతోనే కొట్టి చంపినారు. వార్త చదివి మేము నిశ్చేష్టులమైనాము. ఆ ఫకీరు మా వాకిలి విడిచి ఏ ఊరికి వెళ్లినాడో, అక్కడికి మేము పంపిన మాట ఆయనకంటె ముందే చేరియున్నదేమో! నిత్యం యాత్రికుల రాకతోనే బ్రతికే యాదగిరిగుట్టలో ఉండి, కొత్త ముఖాన్ని చూచి భయపడినందుకు సిగ్గుపడినాము.

ఆ రోజులలో దేశమంతటా తిరిగిన ఒక దృశ్యంలో మోటారుసైకిలుపై వచ్చినవారు బాలుని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రతకై తీసిన ప్రచారచిత్రం. బాలుని తిరిగి దింపి హెచ్చరిక చూపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించినారు. అనగా, కన్నులారా చూచినది సైతం అసత్యం కావచ్చును. కంటికీ చెవికీ గల ఆ బెత్తెడు దూరాన్ని సెల్‌ఫోను చెరిపివేసినది.

అదే కాలంలో గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు పల్లెపల్లెకూ పోలీసులను, జానపద కళాకారులను పంపి, ఆటపాటలతో ప్రజలకు నిజం చెప్పించినారు. 2018 జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. హద్దు యంత్రానికి పెట్టవచ్చును. మనసుకు ఎవరు పెట్టగలరు?

విద్యార్థులారా! భయమో, కోపమో కలిగించి, "వెంటనే అందరికీ పంపండి" అనే మాట వచ్చినచో, అక్కడనే ఆగండి. చెప్పినదెవరు? చూచినదెవరు? దీనిని నమ్మినచో నష్టపడేదెవరు? ఈ మూడవ ప్రశ్నను మేమానాడు వేసుకొనియుంటే ఆ తలుపు తెరుచుకొనియుండేది.