ముంజేతి మీద త్రైరాశికం

గడియారం పని కాలం చెప్పడం. అయితే కాలంతో పాటు లెక్కలు కూడా చెప్పే చేతి గడియారం ఒకటి ఉంది. అందులో లెక్కకు మీటలు ఉండవు, వెలిగే అంకెలు ఉండవు. ముఖం చుట్టూ అంకెలు గీసిన రెండు వలయాలు మాత్రం ఉంటాయి. లోపలి వలయం కదలదు. బయటి వలయం వేలితో తిప్పితే తిరుగుతుంది. విమాన చోదకుల కోసం రూపొందిన ఇటువంటి గడియారాన్ని నేను చాలా ఏళ్లుగా ధరిస్తున్నాను. నేను విమానం నడిపేవాణ్ణి కాను. తెలుగు ఎం.ఏ. చదివి పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అయినా ఈ గడియారం వల్ల నాకు తెలిసిన సంగతి ఒకటి మీకు చెప్పాలని ఉంది.

మాది కోయంబత్తూరులోని పీళమేడు. ఒకప్పుడు ఊరు, నేడు నగరంలో భాగం. మా అమ్మ పుట్టిల్లు మధురై. విజయనగర రాజుల కాలంలోనూ, మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రెండు ప్రాంతాలలోనూ చాలా ఉన్నాయి. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. తరతరాలుగా మా బ్రతుకు ఇలాగే సాగుతున్నది. కోయంబత్తూరు విమానాశ్రయం పీళమేడులోనే ఉంది. అందువల్ల విమానాలు మాకు కాకులూ పిచ్చుకలంత పరిచయం. నగరానికి తూర్పున సూలూరులో వైమానిక దళ స్థావరం ఉంది. మా మేనమామ వైమానిక దళంలో విమానాల మరమ్మతు పని చేసి విరమించుకొన్నాడు. జపానులో తయారైన ఈ గడియారం ఆయనదే. నాకు ఉద్యోగం వచ్చిన ఏడు తన చేతి నుంచి తీసి నా చేతికి పెట్టాడు.

మామ నేర్పిన తొలి లెక్క బస్సులో జరిగింది. సంక్రాంతికి అవ్వగారింటికి పోతున్నాం. కోయంబత్తూరు నుంచి మధురైకి రోడ్డు మీద సుమారు 210 కిలోమీటర్లు.

"ఈ బస్సు గంటకు 50 కిలోమీటర్లు పోతుందనుకో. ఎంతసేపటికి చేరతాం?" అన్నాడు మామ.

నేను మనసులో భాగించబోయాను.

"ఆగబ్బీ, వేలితో చెప్పు. గంటంటే ఎన్ని నిమిషాలు?"

"అరవై మామా."

"లోపలి వలయంలో 60 ఉంది గదా. బయటి వలయం తిప్పి 50ని దాని ఎదుటికి తే. ఇప్పుడు బయట 21 ఎక్కడుందో చూడు. దాని ఎదురుగా లోపల ఏముంది?"

"25 దాటి కొంచెం."

"అంటే ఎన్ని నిమిషాలు?"

నేను ఆయన ముఖం చూశాను. ఆయన నవ్వి ఇలా అన్నాడు: "25 నిమిషాల్లో మధురై చేరితే మనం ఎక్కింది బస్సు కాదు, విమానం. 2,500 నిమిషాలంటే ఒకటిన్నర రోజు దాటిపోతుంది, అది ఎద్దుబండి. కాబట్టి 250 పైచిల్లర నిమిషాలు. నాలుగు గంటల మీద పదీ పన్నెండు నిమిషాలు. అబ్బీ, ఈ గడియారం అంకె చెబుతుంది. దాని పక్కన సున్న ఉందా లేదా అన్నది చెప్పదు. అది నీ బుర్ర చెప్పాల."

ఆ వలయాల కిటుకు ఏమిటో తరువాత తెలుసుకొన్నాను. మామూలు కొలబద్ద మీద అంకెల మధ్య దూరాలు సమానంగా ఉంటాయి. ఈ వలయం మీద అలా ఉండవు. 10 నుంచి 20 వరకు ఎంత వంపు ఉందో, 20 నుంచి 40 వరకు అంతే వంపు. 40 నుంచి 80 వరకు కూడా అంతే. అంటే సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ వేలు ఒకే దూరం జరుగుతుంది. అందువల్ల ఇక్కడ దూరాలను కూడితే సంఖ్యలు గుణించినట్లవుతుంది. దూరాలను తీసివేస్తే సంఖ్యలు భాగించినట్లవుతుంది. 12ను 15తో గుణించాలంటే, బయటి 12ను లోపలి 10 ఎదుట నిలపాలి. అప్పుడు లోపలి 15 ఎదుట బయట 18 కనిపిస్తుంది. జవాబు 180. ఆ చివరి సున్న, మామ చెప్పినట్లు, మనది.

దీనికి ఆధారమైన సంవర్గమానాలను స్కాట్లండుకు చెందిన జాన్ నేపియర్ 1614లో లోకానికి వెల్లడించాడు. కొద్ది సంవత్సరాలకే ఇంగ్లండులో విలియం ఆట్రెడ్ అటువంటి రెండు కొలతలను ఒకదాని పక్కన ఒకటి జరిగేటట్లు అమర్చాడు. అదే స్లైడ్ రూల్. మూడు వందల ఏళ్లకు పైగా వంతెనలు, యంత్రాలు, ఓడలు కట్టినవారి చేతిలో అది ఉండేది. 1940ల దశకంలో స్విట్జర్లండులోని బ్రైట్‌లింగ్ సంస్థ గుండ్రని స్లైడ్ రూల్‌ను చేతి గడియారం అంచుకు చేర్చింది. 1950ల దశకంలో 'నావిటైమర్' అనే పేరుతో విమాన చోదకుల కోసం ప్రత్యేకంగా ఒకటి తయారు చేసింది. 1962 మే 24న అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ భూమిని చుట్టివచ్చినప్పుడు ఆయన చేతికి ఉన్నది ఆ కోవలోని గడియారమే. అంతరిక్షంలో పగలూ రాత్రీ తేడా తెలియదు కనుక, దాని ముఖం మీద 12కు బదులు 24 గంటలు వేయించుకొన్నాడు.

విమాన చోదకునికి ఈ వలయాలతో పనేమిటి? ఇంజను గంటకు 36 లీటర్ల ఇంధనం తాగుతుంది, ఇంకా 50 నిమిషాల ప్రయాణం ఉంది, ఎంత కావాలి? 36ను 60 ఎదుట నిలిపితే 50 ఎదుట 30 కనిపిస్తుంది. 30 లీటర్లు. ఒక చేయి విమానం పగ్గాల మీద ఉండగానే రెండవ చేతి వేళ్లతో తేల్చుకోవచ్చు. "రోడ్డు మీద పెట్రోలు అయిపోతే బండి ఆగుతుంది. పైన ఆగేదానికి చోటు లేదబ్బీ" అనేవాడు మామ.

మధురైలో ఈ గడియారాన్ని మా అవ్వకు చూపించాను. మరునాడు ఇంట్లో విందు. డెబ్బై మంది వస్తారని అంచనా. 25 మందికి 5 పడుల బియ్యం సరిపోతుందని అవ్వ లెక్క. 70 మందికి ఎన్ని పడులు? నేను బయటి 50ని లోపలి 25 ఎదుటికి తిప్పుతూ ఉండగానే అవ్వ చెప్పేసింది: "ఐదుగురికి ఒక పడి. డెబ్బైలో ఐదులు పద్నాలుగు. పద్నాలుగు పడులు." గడియారంలోనూ 70 ఎదుట 14 వచ్చింది. నేను సంతోషిస్తుంటే అవ్వ మరో మాట అన్నది: "అది సరే నాయనా, వచ్చేవాళ్లలో పిల్లకాయలు ఎంతమంది? పిల్లకాయల్ని పెద్దవాళ్లతో కలిపి ఎంచితే అన్నం మిగిలిపోదా?" అవ్వ వేళ్ల మీద మళ్లీ ఎంచి, పన్నెండు పడులు కొలిచింది.

ఆ మాట నన్ను మన పాత గణితం దగ్గరకు తీసుకుపోయింది. తెలిసిన మూడు రాశుల నుంచి తెలియని నాలుగవ రాశిని కనుగొనడమే త్రైరాశికం. దానిలో 25 మంది ప్రమాణం. 5 పడులు ఫలం. 70 మంది ఇచ్ఛ. 14 పడులు ఇచ్ఛాఫలం. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణిత సార సంగ్రహం'లో త్రైరాశికానికి ఒక ప్రకరణమే ఉంది. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన గణితం తెలుగులో తొలి శాస్త్ర గ్రంథాలలో ఒకటిగా పేరుపొందింది. మన పూర్వులు త్రైరాశికానికి ఒక నియమం పెట్టారు. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతికి చెందినవై ఉండాలి. పెద్దలు ప్రమాణమైతే ఇచ్ఛ కూడా పెద్దలే కావాలి. మా అవ్వ పావులూరి గణితం చదవలేదు. నియమం మాత్రం ఆమెకు తెలుసు.

నియమం తప్పితే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానం మాంట్రియల్ నుంచి బయలుదేరింది. అందులో 69 మంది ఉన్నారు. ఆ దేశం అప్పుడే పౌండ్లను వదిలి కిలోగ్రాములకు మారుతున్నది. విమానంలో ఇంధనం చూపే మీటర్లు పనిచేయడం లేదు. కనుక తొట్టిలోని ఇంధనాన్ని కొలపుల్లతో కొలిచి, ఎన్ని లీటర్లు ఉన్నాయో చూసి, లీటర్లను బరువులోకి మార్చారు. కావలసింది 22,300 కిలోగ్రాములు. లీటరు ఇంధనం బరువు సుమారు 0.8 కిలోగ్రాము. అయితే లెక్కలో వాడిన సంఖ్య 1.77. అది లీటరు బరువును పౌండ్లలో చెప్పే సంఖ్య. గుణకారం సరిగానే ఉంది, భాగహారం సరిగానే ఉంది. జాతి మాత్రం మారిపోయింది. కావలసిన ఇంధనంలో సగం కంటె తక్కువతో విమానం లేచింది. సుమారు 12,500 మీటర్ల ఎత్తున ఇంధనం అయిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఇంజను లేని గ్లైడర్లను నడిపిన అనుభవం కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు ఉంది. ఆయన ఆ పెద్ద విమానాన్ని గాలిలో జార్చుకొంటూ తెచ్చి, గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం మీద దింపాడు. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఈ కథ చదివిన రోజు నా గడియారంలో 1.77 పెట్టి అదే లెక్క వేసి చూశాను. గడియారం అదే తప్పు జవాబును చక్కగా చూపింది. అది పౌండు ఎరుగదు, కిలో ఎరుగదు, పడి ఎరుగదు. దానికి తెలిసింది నిష్పత్తి ఒక్కటే. ఏ వస్తువును ఏ వస్తువుతో పోలుస్తున్నామో, జవాబు పదులలో రావాలో వందలలో రావాలో పట్టుకొనే బాధ్యత తిప్పే వేలిది. ఆ బాధ్యతను ఏ పరికరమూ తనపై వేసుకోదు. నేటి కంప్యూటరు కూడా వేసుకోదు.

మన ప్రాంతపు జి.డి. నాయుడు పేరు మీరు వినే ఉంటారు. సూలూరు దగ్గరి కలంగల్ అనే ఊరిలో 1893లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. పిన్నతనంలో ఒక అధికారి మోటారు సైకిలు చూసి ముచ్చటపడ్డాడు. కోయంబత్తూరులో హోటలు పని చేసి, కూడబెట్టిన డబ్బుతో అటువంటిదే కొన్నాడు. కొని, ముందుగా దానిని భాగాలుగా విప్పాడు, మళ్లీ బిగించాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపాడు. 1937లో ఆయన పూనికతో కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారైంది. యంత్రాన్ని వాడుకోవడంతో ఆయన తృప్తిపడలేదు. అది ఎందుకు అలా పనిచేస్తుందో చూడాలనుకొన్నాడు. నాకు ఈ గడియారం మీద ఇష్టం కూడా అందుకే. దీని లెక్క లోపల దాగి ఉండదు. వలయం తిరుగుతుంటే గుణకారం కళ్ల ఎదుట జరుగుతుంది.

1972లో జేబులో పట్టే శాస్త్రీయ గణకయంత్రం వచ్చింది. ఆ తరువాత స్లైడ్ రూల్ వాడుక వేగంగా తగ్గిపోయింది. నేడు చోదకుల ముందు తెరలున్నాయి, ఉపగ్రహాల సాయం ఉంది. అయినా విమానం నడపడం నేర్చుకొనేవారిలో చాలామంది ఇప్పటికీ గుండ్రని స్లైడ్ రూల్‌తో దూరం, వేగం, ఇంధనం లెక్కలు సాధన చేస్తారు. తెర ఆరిపోయిన నాడు అది ఆదుకొంటుంది. అంతకంటె ముఖ్యంగా, తెర చూపిన అంకె నమ్మదగినదో కాదో పసిగట్టే అలవాటు దాని వల్ల కలుగుతుంది.

విద్యార్థులారా! మీ అందరికీ ఇటువంటి గడియారం దొరకకపోవచ్చు. దొరకనక్కరలేదు. మీ ఇంట్లో అవ్వో తాతో ఉంటే, వారు బియ్యం కొలిచేటప్పుడు, కూలి లెక్క కట్టేటప్పుడు పక్కన కూర్చోండి. అరలు, పాతికలు, ముప్పాతికలు, వీసాలు వారి నోట ఎలా పలుకుతాయో వినండి. బయట మనం ఎన్ని భాషలు మాట్లాడినా, ఇంట్లో మనసులో లెక్క ఎంచేది సాధారణంగా తల్లిభాషలోనే. ఇకమీదట గణకయంత్రం మీట నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. పోలుస్తున్నవి ఒకే జాతివా? జవాబు పదులలో వస్తుందా, వందలలో వస్తుందా? ఈ రెండు ప్రశ్నలూ తెలుగులో వేసుకొని, ఆ తరువాత మీట నొక్కండి.