బొగ్గు ఇంటి దాకా... మనిషి దువ్వాడ దాకా!

పరవాడకు రైలు వస్తుంది. ఒడిశాలోని తాల్చేరు నుంచి బొగ్గు మోసుకుని నేరుగా సింహాద్రి విద్యుత్తు కేంద్రం లోపలికే వెళ్తుంది. 2,000 మెగావాట్ల కేంద్రం మరి, ఆ మాత్రం మర్యాద ఉండాల్సిందే!

అక్కడా, పక్కనున్న ఫార్మాసిటీలోనూ పనిచేసే మనిషికి మాత్రం ఊళ్లో స్టేషను లేదు. మండలంలోని తాడిలో ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. తుని, యలమంచిలి వైపు నుంచి రైలెక్కినవాళ్లు అనకాపల్లిలోనో దువ్వాడలోనో దిగి షేర్ ఆటో పట్టుకోవాల్సిందే. దువ్వాడ చిన్న స్టేషనే కానీ రద్దీ పెద్దది. విశాఖ వెళ్తే ఇంజను అటు మార్చుకోవాలి కనుక చాలా దూరప్రాంత రైళ్లు ఇటునుంచిటే వెళ్లిపోతాయి. వాటికి దారిచ్చేందుకు ప్యాసింజరు పక్కకు తప్పుకుంటుంది. లోపల నిలబడ్డవాళ్లు గడియారం చూసుకుంటూ ఉంటారు.

2022 డిసెంబరు 7 ఉదయం ఇదే స్టేషన్లో గుంటూరు-రాయగడ ఎక్స్‌ప్రెస్ దిగబోయిన ఓ విద్యార్థిని కాలుజారి రైలుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఇరుక్కుపోయింది. ప్లాట్‌ఫాం అంచును పగలగొట్టి బయటికి తీయడానికి గంటన్నర పట్టింది. మర్నాడు ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆ సందు జానెడే. రోజూ దాటేవాళ్లకి అది కనిపించడం ఎప్పుడో మానేసింది.

మరుసటి ఏడాది జూన్‌లో తాడి-అనకాపల్లి మధ్య బొగ్గు వ్యాగన్లు పట్టాలు తప్పితే జన్మభూమి సహా పలు రైళ్లు రద్దయ్యాయి. ఆ అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనకనుంచి ఢీకొట్టింది. పద్నాలుగు మంది పోయారు. రెండూ చిన్న ఊళ్ల జనం ఎక్కే బళ్లే.

కొవిడ్ తర్వాత ప్యాసింజర్లే ‘స్పెషళ్లు’ అయ్యాయి. బోగీ అదే, బల్ల అదే, కనీస చార్జీ మాత్రం పది నుంచి ముప్ఫై రూపాయలు! 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి దిగింది. నీళ్లు రాని మరుగుదొడ్డికీ, తిరగని ఫ్యానుకీ 139కి ఫోన్ చేయొచ్చు. కానీ ఒంటికాలి మీద నిలబడ్డవాడికి జేబులో ఫోను తీసే చోటేదీ?

దువ్వాడ వస్తుండగానే అందరూ తలుపు దగ్గరికి జరుగుతారు. బండి పూర్తిగా ఆగకముందే ఒకరిద్దరు దూకేస్తారు. తొందరపాటేనని వాళ్లకీ తెలుసు. కానీ బయట ముందున్న ఆటో నిండి వెళ్లిపోతే రెండోది నిండేదాకా ఆగాలి. షిఫ్టు ఆగదు.