చెంచా వెనక ఊరూ పేరూ

లండన్ ఛాన్సరీ లేన్‌లో మెట్లు దిగితే నేల కింద వరసగా వెండి దుకాణాలు. వాటికి సిల్వర్ వాల్ట్స్ అని పేరు. ఒకప్పుడు ఉన్నవాళ్లు విలువైన సొత్తు దాచుకున్న గదులే ఇప్పుడు కొట్లు. ఒక్కోదానికి ఖజానా తలుపే గుమ్మం.

పాత చెంచాల ముద్రలు ఎలా చదవాలో చూపించమని అడిగితే, ఒక దుకాణదారు భూతద్దం చేతికిచ్చి వడ్డన చెంచా ఒకటి బోర్లించారు. కాడ చివరికి దగ్గరగా అయిదు ముద్రలు.

"ముందు సింహాన్ని చూడండి," అన్నారు. ముందుకాలు ఎత్తి నడిచే సింహం ఉంటే వెయ్యికి 925 పాళ్లు వెండి. పక్కన కిరీటంతో చిరుతపులి తల లండన్‌లో పరీక్షించారనడానికి గుర్తు. 1821లో ఆ కిరీటం తీసేశారు. లంగరుంటే బర్మింగ్‌హామ్ సరుకు. రాజు తల పన్ను కట్టినట్టు రసీదు. ఔన్సుకు ఆరు పెన్నీల చొప్పున 1784లో మొదలైన ఆ పన్ను 1890 దాకా సాగింది. నాలుగోది చిన్నబడి 'ఎం' అక్షరం, అంటే 1787. ఏడాదికో అక్షరం మారే లండన్ వరసలో అప్పట్లో ఇరవై అక్షరాలే. అవి అయిపోగానే మళ్లీ 'ఎ'. అందుకే అక్షరం ఒక్కటే చూస్తే చాలదు, దాని రాతా, చుట్టూ ఉన్న గడి ఆకారమూ కలిపి చూడాలి.

అయిదోది మెలికలు తిరిగిన 'హెచ్ బి'. హెస్టర్ బేట్‌మన్. భర్త పోయాక కార్ఖానా నడుపుతూ 1761లో సొంత ముద్ర నమోదు చేయించుకున్న మనిషి. ముద్ర ఉందని ఆమే సుత్తి పట్టిందనుకోకూడదు. సరుకు ఆ కార్ఖానాది, పూచీ ఆమెది, అంతే.

చెంచా తిప్పితే కాడ చివర గోటంత జింక తల. క్రెస్ట్, అంటే వంశచిహ్నం. మెడ కింది అంచు చింపినట్టు వంకరటింకరగా ఉంది. నున్నగా కోసినట్టుంటే వేరే కుటుంబానిది కావచ్చు. ఫెయిర్‌బెయిర్న్ క్రెస్టుల పుస్తకంలో వెతికితే ఒక్క జింక తలకే ఎన్నో ఇంటిపేర్లు. పైగా చెంచా చేతులు మారినప్పుడు కొత్తవాళ్లు పాత బొమ్మ గీకించి తమది చెక్కించుకునేవారు. దుకాణదారు వెండి మీద నోటితో ఆవిరి ఊదారు. గీకిన చోటైతే ఆ మసకలో పాత గీతల జాడ తేలుతుందట. బొటనవేలితో నొక్కితే అక్కడ పలచగా తగులుతుంది. ఈ చెంచాకు ఆ లోపం లేదు.

అయినా ధర చీటీ మీద లండన్, 1787, హెస్టర్ బేట్‌మన్ అని మాత్రమే రాశారు. ఇంటిపేరు లేదు. ఎందుకని అడిగాను.

"ముద్రలకు చట్టం పూచీ ఉంది. బొమ్మదేముంది, డబ్బిస్తే ఎవరికైనా చెక్కి పెడతారు!"