గోడకన్న కంచె మేలు

ఇల్లు చక్కబెట్టుకొనుట యనగానే మనకు వంటయిల్లును దేవుని గదియును తోచును గాని వాకిలి తోచదు. దానిని గాలికిని దుమ్మునకును విడిచిపెట్టుదుము. సముద్రపుటొడ్డున కాపురము పెట్టిన పిమ్మట వాకిలి విషయమున మేము చేసిన పొరపాటును, దానివలన నేర్చుకొన్న పాఠమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మావారు పనిచేయు బడి బాపట్లకు దిగువ, సముద్రతీరమున నొక పల్లెలో నున్నది. అచ్చటనే చిన్న యిల్లు కొంటిమి. ముందఱ ఇసుక వాకిలి; దాని నానుకొని యొడ్డునకు బోవు బాట. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వఱకు ఆ బాటను పోవువారికి మా వసారాయు, లోపలి నడవయు, అందు మేము చేయు పనులును కనబడుచుండెడివి. తల యారబెట్టుకొనుటకుగాని, పుస్తకము చేతబట్టి నిముసము కూర్చుండుటకుగాని చోటు లేదు. తలుపు మూసినచో గాలి రాదు. తీసినచో మఱుగు లేదు.

మొదట పట్టణమునుండి క్రోటను మొక్కలు తెప్పించి వరుసగా నాటితిమి. నెల తిరుగకముందే ఉప్పుగాలికి వాని యాకులు మాడి మోడులు మిగిలినవి. అంతట విసిగి ఆఱడుగుల గోడ కట్టించితిమి. మా చేతి గాజులు రెండు దానిక్రింద పోయినవి. మఱుగు దొరకెను గాని సుఖము దొరకలేదు. గాలి గోడకు కొట్టుకొని, పైకెగసి, లోపల సుడి తిరిగి వసారానిండ ఇసుక కుమ్మరింపసాగెను. రెండు వానకాలములు గడచునప్పటికి ఉప్పు పట్టి గోడపూత పెచ్చులు పెచ్చులుగా రాలెను.

అంతకన్న పెద్ద నష్టము మఱియొకటి కలిగెను. చేపల తట్ట నెత్తిన బెట్టుకొని యూళ్లకు బోవు నొక ముసలియవ్వ దినదినమును మా యరుగుపై కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, నాలుగు మాటలాడి పోవుచుండెడిది. గోడ లేచినది మొదలామె రాలేదు. ఒకనాడు బాటలో కనబడగా “ఏమవ్వా, మమ్ము మఱచితివా?” యని యడిగితిమి. “గోడ కట్టుకున్నారు గదమ్మగారూ, ఇంక మేం రాగూడదేమో అనుకున్నా” ననెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే మాకు మఱింత సిగ్గు కలిగెను. బాటను పోవువారి చూపు పడకుండ జూచుకొంటిమేగాని, వారే మాకు ఇరుగుపొరుగువారని తలపకపోతిమి.

ఆ యవ్వయే మాకు దారి చూపెను. “ఈ గాలికి మా ఇళ్ల చుట్టూ ఏం బతికున్నాయో చూసి అవే పెట్టుకోండమ్మా” యనెను. ముందరి గోడను మోకాలెత్తునకు దింపించి, ఆషాఢమున వానలు పడగానే నాట మొదలుపెట్టితిమి.

బాటవైపు ఇసుకలో బాలబందితీగ ముక్కలు పాతితిమి. మేకగిట్ట వంటి యాకులతో, ఊదాపూలతో నది ప్రాకి ఇసుకను కదలనీయదు. దాని వెనుక గోరింటయు, దానికి వెనుక వావిలియు నాటితిమి. వావిలిని పశువులు ముట్టవు. కొమ్మ విఱిచి నాటినను బ్రతుకును. బాలింతల స్నానమునకు దాని యాకు మనకు నెట్లును కావలసినదే. గోరింట యాషాఢమున ఆడపిల్లల చేతులకు పండును. మూలల గంగరావి కొమ్మలు పాతితిమి. దాని పూవు ఉదయమున పచ్చగా విచ్చి, వాడునప్పటికి ఎఱుపెక్కును. ఇంటికి దూరముగా నొక పొన్నమొక్క నుంచితిమి. అది మెల్లగా నెదుగును గాని ఉప్పుగాలికి వెఱవదు. మొగలియు తీరపు మొక్కయే గాని, ఆకుల యంచులకు ముండ్లుండుటచేత పిల్లలు తిరుగుచోట కూడదని పెరటి చివర నాటితిమి.

1977 నవంబరు 19 నాటి యుప్పెన తరువాత మన తీరమున ప్రభుత్వమువారు సరుగుడుతోటలు విరివిగా పెంచిరి. గాలి నడ్డుటకు సరుగుడు మంచిదే. కాని యది పరదేశపు చెట్టు. రాలిన దాని యాకులు దట్టముగా పఱచుకొన్నచోట పూలమొక్కలు సరిగా రావు. అందుచేత వాకిటికి దానిని కోరలేదు.

గోడవలె కంచె గాలిని పూర్తిగా నాపదు. సగము లోనికి విడుచును. అందుచేతనే లోపల సుడి పుట్టదు. ఎంత యెత్తు పెరిగినదో దానికి పదిరెట్ల దూరము వఱకు గాలి విసురు తగ్గును. మొదటి రెండు వేసవులు సాయంకాలము నీరు పోయవలెను. ఉప్పుగాలి గట్టిగా వీచిన మఱునాడు ఆకులపై మంచినీరు చల్లవలెను. పెద్దచెట్లు చూరునకు దగ్గఱగా నుండరాదు. కంచె యుప్పెన నాపునని మాత్ర మెవరును భ్రమపడరాదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు విడిచి పోవలసినదే.

ఇప్పటికి మూడేండ్లు నిండినవి. బాటను పోవువారికి పచ్చదనమును పూవులును కనబడును గాని మా నడవ కనబడదు. మేము వసారాలో కూర్చుండి నిర్భయముగా చదువుకొనుచున్నాము. కంచె నడుమ తలుపు లేని సందొకటి విడిచితిమి. ప్రొద్దుట ఆ సందులోనుండి “అమ్మగారూ, నీళ్లు” అను పిలుపు మరల వినబడుచున్నది. చెంబుతో ఎదురు పోవునప్పుడెల్ల, గోడక్రింద పోయిన గాజుల కొఱకు మాకు చింత లేదు గాని, ఆ రెండేండ్లు అవ్వ యెక్కడ కూర్చుండి నీళ్లు త్రాగెనో యను చింత మాత్ర మున్నది.