మా ఇంట్లో సముద్రం

‘తమ్మీ, మనింట్ల సముద్రం పెడుతున్న. నువ్వు పేపరోనివి కదా, జెర చదివి చెప్పు.’

పొద్దున్నే ఫోన్ చేసి మా అన్న చెప్పిన మాట ఇది. నిద్రమత్తులో ‘సముద్రం కాదురా నాయనా, సమ్మర్ కూలరేమో’ అనుకున్నాను. కాదు, సముద్రమే! పాలకుర్తిలో కొత్తగా కట్టుకున్న ఇంటి హాల్లో గోడ పొడవునా ఉప్పునీళ్ల అక్వేరియం. పగడపు దిబ్బ, దాని చుట్టూ రంగురంగుల చేపలు. ‘రీఫ్ ట్యాంక్ అంటరు’ అని పేరు కూడా చెప్పాడు.

మాది వరంగల్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక జనగామ జిల్లాలోకి వెళ్లింది కానీ, నోటికి ఇంకా వరంగలే వస్తుంది. ఊరి పేరు చెబితే పెద్దలకు పాల్కురికి సోమనాథుడు గుర్తొస్తాడు, ఉద్యమాలు తెలిసినవాళ్లకు చాకలి ఐలమ్మ. పోతనది అని చెప్పుకునే బమ్మెర మా మండలంలోనే ఉంది. పాలసముద్రాన్ని చిలికిన కథను తెలుగు చేసిన ఆ మహానుభావుడి గడ్డకు దగ్గరి కడలి రెండొందల కిలోమీటర్ల పైమాటే! చెరువు నిండితే పండగ, ఎండితే వలస. అలాంటి ఊళ్లో సముద్రమేంటని అడగబోయి ఆగిపోయాను. ఎందుకంటే అన్న ఆ సముద్రాన్ని ఎక్కడ చూశాడో నాకు తెలుసు.

అద్దం అవతల

2009లో అన్న దుబాయ్ వెళ్లాడు, ఏసీ మెకానిక్‌గా. పదేళ్లు సోనాపూర్ లేబర్ క్యాంపులో ఒక గదిలో ఎనిమిది మందితో. సెలవు రోజున వాళ్లకున్న వినోదం దుబాయ్ మాల్. అక్కడ కోటి లీటర్ల అక్వేరియం ఉంది. లోపలి సొరంగంలోకి వెళ్లాలంటే టికెట్ కొనాలి. ముందువైపు పెద్ద అద్దం దగ్గర నిలబడి చూడటానికి మాత్రం పైసా అక్కర్లేదు. అన్న ఎప్పుడూ అక్కడే నిలబడేవాడట.

2014లో నాన్న పోయారు. అన్నకు సెలవు దొరకలేదు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దహనం అయిపోయిందని చెబుతుంటే అవతల పిల్లల కేరింతలు వినిపించాయి. ‘ఎక్కడున్నావన్నా?’ అంటే ‘చేపల కాడ’ అన్నాడు. క్యాంపులో ఏడిస్తే అందరూ చూస్తారు. అక్కడైతే అందరూ చేపల్నే చూస్తారు... అందుకని వెళ్లాడట.

అందుకే ఫోన్ పెట్టేశాక నేను పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

పదకొండు బస్తాల బరువు

అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు... ఇదీ అన్న వేసిన లెక్క. అంటే 20 ఘనపుటడుగులు. 566 లీటర్లు. రాళ్లూ అద్దాలూ ఇనుప స్టాండూ కలిపితే ఎనిమిది క్వింటాళ్లు దాటుతుంది. మా లెక్కలో పదకొండు వడ్ల బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఏళ్ల తరబడి ఒకేచోట ఉంచినట్టు. మేస్త్రీ ‘పైఅంతస్తుల అయితే నాతోని కాదు’ అని చేతులెత్తేశాడు. అలా సముద్రం కింది హాల్లోకి దిగింది.

అద్దం ఎంత మందం ఉండాలన్నది పొడవును బట్టి కాకుండా ముఖ్యంగా నీటి ఎత్తును బట్టి తేలుతుందట. రెండడుగుల ఎత్తుకు 12 మిల్లీమీటర్లు పెట్టించాం. హన్మకొండ నుంచి వచ్చిన కుర్రాడు సిలికాన్‌తో అంచులు అతికించాడు. వారం రోజులు ఇల్లంతా పుల్లటి వాసన. ‘ఎవలు సిర్కా ఒలకబోసిన్రు?’ అని బాపమ్మ ఒకటే సణుగుడు.

నిజంగా వినోదం నీళ్లు నింపి చూసిన రోజు! పెద్ద తొట్టి కింద ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. దాన్ని సంప్ అంటారు. పైనుంచి నీళ్లు పొర్లి కిందికొస్తే, అక్కడ మురికి తీసే యంత్రం, చల్లబరిచే యంత్రం, మోటారు ఉంటాయి. శుభ్రమైన నీళ్లు మళ్లీ పైకి వెళ్తాయి. కరెంటు పోతే ఏమవుతుందో చూద్దామని అన్న స్విచ్ తీశాడు. పైకి నీళ్లు తీసుకెళ్లే గొట్టమే ఎదురు లాగుడు మొదలుపెట్టింది. సంప్ నిండి పొంగి హాలంతా చెరువు. వదిన గుడ్డలు పట్టుకుని పరుగు. గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం పెడితే గాలి చొరబడి ఆ లాగుడు ఆగిపోతుందని తర్వాత తెలిసింది. రెండున్నర లక్షల ఖర్చులో అసలైన రక్షణ పైసా ఖర్చులేని ఆ బెజ్జానిదే!

చిల్లర్ దగ్గరా ఒక పాఠం నేర్చుకున్నాం. ‘నేను ఏసీ మెకానిక్కుని, చిల్లర్ కొనుడేంది?’ అని అన్న పాత ఫ్రిజ్ కంప్రెసర్‌కి రాగిగొట్టం చుట్టి సొంతంగా తయారుచేశాడు. చక్కగా చల్లబడింది కూడా. అప్పటికే నేను చదివి ఉన్నాను... రాగి నీళ్లలో కాస్త కరిగినా నత్తలూ రొయ్యలూ బతకవు. అందుకే సముద్రపు తొట్లకు టైటానియం గొట్టం వాడతారు. ఆ మాట చెప్పగానే అన్న మొహం చిన్నబోయింది. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొత్త చిల్లర్ ఆర్డర్ పెట్టాడు.

ఉప్పగున్నది!

అన్నిటికంటే పెద్ద పోరాటం నీళ్ల దగ్గర వచ్చింది.

బోరునీళ్లు పనికిరావు. అందులోని లవణాలు, నైట్రేట్లు నాచును పెంచుతాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. కాబట్టి ఆర్వోలో వడగట్టి, ఆపైన మిగిలిన లవణాలను కూడా తీసేసి, టీడీఎస్ సున్నాకు తెచ్చిన నీళ్లే వాడాలి. ఒక లీటరు మంచినీళ్లు వస్తే మూడు లీటర్లు బయటికి పోతున్నాయి.

బాపమ్మకు 82 ఏళ్లు. ఆ గొట్టంలోంచి పోతున్న నీళ్లను చూసి గడపమీద కూలబడింది. ‘బిందెడు నీళ్ల కోసం తెల్లారకముందు లేచి నడిచినం కొడుకా. గీ ఊర్ల నీళ్లు పారబోస్తరా? చేపల కోసమా?’

అన్న ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. రెండు పూటలు అన్నం ముట్టలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆర్వో వదిలేసే ప్రతి బొట్టూ డ్రమ్ముల్లోకి. అక్కడి నుంచి నిమ్మచెట్టుకు, జామచెట్టుకు, బర్ల కొట్టం కడగటానికి. డ్రమ్ము నిండకముందే మోటారు ఆపే బాధ్యత బాపమ్మదే. అలా మా ప్రాజెక్టుకు సాగునీటి మంత్రి దొరికింది.

తర్వాత ఉప్పు. ‘దుకాణంల దొరుకుతది గదా’ అంది వదిన. వంటింటి ఉప్పు కుదరదు. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివి ఇంకా చాలా ఉంటాయి. వాటన్నిటినీ పాళ్లు తప్పకుండా కలిపిన ఉప్పు ప్రత్యేకంగా దొరుకుతుంది. లీటరుకు 35 గ్రాములు. సంప్‌తో కలిపి 600 లీటర్లకు 21 కిలోలు. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు... రెండూ కుదిరిన సాయంత్రం అన్న బాపమ్మను చేయిపట్టి తీసుకొచ్చాడు. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

‘ఉప్పగున్నది’ అంది. కాసేపు ఆగి, ‘సముద్రమంటే గిట్లనే ఉంటదా?’ అనడిగింది.

ఆమె జీవితంలో సముద్రాన్ని చూడలేదన్న సంగతి మాకు అప్పుడు తట్టింది.

ఆ తర్వాత ఆరు వారాలు తొట్టి ఖాళీ. చేపల విసర్జనలోంచి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని కొన్ని బ్యాక్టీరియాలు నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా రాళ్ల సందుల్లో స్థిరపడేదాకా చేప వేయకూడదు. చూడటానికొచ్చిన వాళ్లంతా ‘చేపలేవి?’ అనేవాళ్లు. అన్న ఒకటే జవాబు: ‘ఇంక నీళ్లు పండలే!’

కవర్లో పగడం

ఇక చేపల కోసం హైదరాబాద్ వెళ్లాం. అందరూ ‘నీమో’ అనే క్లౌన్ చేపలు కావాలి. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాతో వాటికి ఎక్కడలేని గిరాకీ. మనదేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు మండపం, విళింజం కేంద్రాల్లో వాటిని తొట్లలోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి సాధించారు. అందుకే సముద్రంలో పట్టినవి వద్దు, తొట్టిలో పుట్టినవే కావాలని ముందే అనుకున్నాం. ఇంకో తమాషా... క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదిగా మారిపోతుంది!

రెండు క్లౌన్‌లు, మూడు నీలం డామ్‌సెల్‌లు తీసుకుని డబ్బులిస్తుంటే దుకాణదారు గొంతు తగ్గించి, ‘పగడం కూడా ఉందన్నా. జీవమున్నది’ అన్నాడు. వెనక గదిలోంచి కవర్ తెచ్చాడు. అరచేయంత ముక్క. నీలం లైటు కింద ఆకుపచ్చగా మెరుస్తోంది. చిన్నచిన్న నోళ్లు మెల్లగా విచ్చుకుంటున్నాయి. అన్న కళ్లు దానికి అతుక్కుపోయాయి.

‘వద్దన్నా’ అన్నాను.

2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అదే పులి ఉన్న షెడ్యూలు. మన సముద్రంలోని పగడాన్ని విరగ్గొట్టడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. చచ్చిన ముక్కకీ ఇదే వర్తిస్తుంది. ‘అందరూ పెడుతున్నరు, ఏం కాదు’ అన్నాడు దుకాణదారు. అన్న నావైపు తిరిగి, ‘దుబాయ్‌ల పెడ్తరు, నేను పెట్టొద్దా? గా అద్దం ముందట పదేండ్లు నిలబడ్డ తమ్మీ’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేక కాదు. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, సిమెంటు కోసం పగడాన్ని దశాబ్దాల పాటు బండ్లకెత్తుకుపోయారని, 1986లో 21 దీవులతో అక్కడ జాతీయ పార్కు ప్రకటించాల్సి వచ్చిందని చెప్పగలను. చెప్పాను కూడా. కానీ ఆ క్షణంలో అవన్నీ పేపరు మాటల్లాగే వినిపించాయి... నాక్కూడా. అన్న కవర్ వెనక్కిచ్చాడు. ఇంటిదాకా కార్లో ఒక్క మాట మాట్లాడలేదు.

దారిలో ఒక్క సంగతి మాత్రం చెప్పాను. తెలుగు తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీళ్లూ ఒండ్రుమట్టీ వాటిని ఎదగనివ్వవు. ‘అంటే మనకు అన్నం పెట్టే నీళ్లే వాటికి పడయన్నట్టు’ అన్నాడు. అంతే, మళ్లీ మౌనం.

ఇంటికొచ్చాక వదిన తన పుస్తెలతాడు చూపించింది. పుస్తెల పక్కన రెండు ఎర్రటి పగడాలు. ‘గిదీ జీవమేనా?’ అని. ఒకప్పుడు జీవమే. ఆభరణాల ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిది. అంటే సముద్రం మా ఇంట్లోకి అన్నకంటే ముందే వచ్చింది!

ఆ రాత్రి

2023 మే. సాయంత్రం గాలివాన. స్తంభాలు కూలి ఊరంతా చీకటి. ఇన్వర్టర్ నాలుగు గంటలు లాక్కొచ్చి చేతులెత్తేసింది. చిల్లర్ ఆగింది, అలలు పుట్టించే మోటార్లు ఆగాయి. నీటి వేడి 26 నుంచి 28కి, అర్ధరాత్రికల్లా 31కి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

అన్న చెంబుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోయడం మొదలుపెట్టాడు, గాలి కలవాలని. సోడా దుకాణం కుర్రాడు ఐసు గడ్డలు తెచ్చాడు. వాటిని సీసాల్లో వేసి మూతలు బిగించి తేలేశాం. నేను, వదిన, అన్న వంతులవారీగా చెంబు అందుకున్నాం. బాపమ్మ కుర్చీ వేసుకుని టార్చి పట్టుకుంది. పొద్దున ఆరింటికి కరెంటొచ్చింది. రెండు డామ్‌సెల్‌లు అడుగున పడి ఉన్నాయి.

అన్న వాటిని నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుంటూ అన్నాడు: ‘గా పగడం తెచ్చి ఉంటే సచ్చిపోతుండె కదా తమ్మీ.’

అవును. పగడం ఒంట్లో నాచులాంటి సూక్ష్మజీవులుంటాయి. వాటి వంటే దానికి తిండి. వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలుంటే చాలు, వాటిని బయటికి నెట్టేసి తెల్లబోతుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి అలా జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు ఆ వార్త అన్నే నాకు పంపాడు.

కాసేపయ్యాక ఇంకో మాటన్నాడు. ‘ముందట నిలబడి చూసిన గని, గా అద్దం వెనుక ఎందరు చెంబులు పట్టుకున్నరో ఎన్నడు సోంచాయించలే. నేనూ అసువంటి మిషిన్ల కాడ పనిచేసినోన్నే.’

ఇప్పుడు మా తొట్టిలో పగడం లేదు. పింగాణీ రాళ్లు, నత్తలు, మిగిలిన మూడు చేపలు ఉన్నాయి. రీఫ్ లేని రీఫ్ ట్యాంక్! కొత్తవాళ్లు అడిగితే అన్న ‘మా దాంట్ల పగడం ఉండదు’ అంటాడు, కొంచెం గర్వంగానే.

పోయిన దసరాకి వెళ్తే బాపమ్మ నన్ను అద్దం దగ్గరికి పిలిచింది. తెల్లటి రాయిమీద వడ్లగింజంత ఊదారంగు మచ్చ. రాళ్లకు సున్నం పూసినట్టు పాకే ఒక రకం నాచు అది. నత్త చిప్పల మీద వచ్చి ఉంటుంది. నీళ్లు బాగుంటేనే బతుకుతుంది.

‘ఇది ఎవలూ కొనలే, ఎవలూ పెట్టలే’ అంది. ‘అదే వచ్చింది.’

సంక్రాంతికి బాపమ్మను సూర్యలంక తీసుకెళ్దామని అన్న బండి మాట్లాడాడు. ఆమెకు ఒకటే బెంగ... ఆ రెండ్రోజులూ డ్రమ్ము దగ్గర మోటారు ఎవరు ఆపుతారని!